గాలికీ బిల్లు వస్తుంది

బోరు లారీ మొదలు ఆస్పత్రి ఆక్సిజన్ ప్లాంటు దాకా ఎన్నో పనులు నడిచేది పీడన గాలితోనే. ఆ గాలిని తయారుచేసే స్క్రూ, సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్ల విలువ దేశానికి 2021లో తెలిసొచ్చింది. వాటి నిర్వహణ మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల చివరి వరుసలోనే ఉంది.

అనంతపురం జిల్లాలో బోరు వేసే రాత్రి చుట్టుపక్కల ఎవరికీ సరిగా నిద్ర పట్టదు. లారీ ఇంజను రొద ఊరంతా వినిపిస్తుంది. గట్టు మీద దుప్పటి కప్పుకుని కూచున్న రైతు చూపంతా గుంత నోటి మీదే. అడుగుకింత అని రేటు మాట్లాడుకున్నాక, రాడ్డు దిగిన కొద్దీ అప్పు పెరుగుతున్నట్టే లెక్క. ముందు తెల్లటి రాతిపొడి ఎగజిమ్ముతుంది. కాసేపటికి అది తడిబారి బురద చుక్కలవుతుంది. అదృష్టం బాగుంటే గుంతలోంచి నీళ్లు చెట్టెత్తు లేస్తాయి. లేదంటే పొడి అలా వస్తూనే ఉంటుంది.

ఆ నీళ్లను అంత ఎత్తుకు ఎగదోసేది సాధారణంగా ఊట బలం కాదు, లారీ మీదున్న కంప్రెసర్. రాతిని పొడి చేసేదీ అదే. రాడ్ల గుండా కిందికి దిగిన గాలి బిట్ వెనకున్న సుత్తిని ఆడిస్తుంది. సుత్తి దెబ్బకు రాయి పగులుతుంది. పని ముగించుకున్న గాలి పొడినీ, నీటినీ వెంటబెట్టుకుని పైకి వస్తుంది. గాలి బలం చాలకపోతే పొడి అడుగునే పేరుకుని బిట్ ఇరుక్కుపోతుంది. అందుకే పెద్ద బోరు లారీల మీద నిమిషానికి వెయ్యి ఘనపుటడుగులకు పైగా గాలిని లాగి, దాన్ని వాతావరణ పీడనానికి 20 రెట్ల దాకా నొక్కగలిగిన స్క్రూ కంప్రెసర్లు ఉంటాయి. కరువు సీమలో సేద్యం ఏళ్ల తరబడి ఈ మర మీద ఆధారపడి ఉందన్నా తప్పులేదు.

అదే జాతికి చెందిన మర ఇప్పుడు వందలాది ప్రభుత్వాస్పత్రుల వెనక రేకుల షెడ్డులో కూడా ఉంది. అక్కడ అది తవ్వేది రాయిని కాదు. గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరు చేయడానికి కావలసిన పీడనాన్ని అందిస్తుంది. మందుల ఫ్యాక్టరీల్లో మాత్రలు నొక్కే యంత్రాల పక్కన, గ్రానైట్ క్వారీల్లో, ఎయిర్‌జెట్ మగ్గాల్లో, కార్ల పెయింటింగ్ షెడ్లలో, ఉక్కు కర్మాగారాల్లో అన్నిచోట్లా అదే గాలి. పరిశ్రమల్లో కరెంటు, నీరు, ఇంధనం తర్వాత నాలుగో వసతిగా దీన్ని లెక్కిస్తారు. మొదటి మూడింటికీ మీటర్లుంటాయి. గాలికి మీటరు ఉన్న ఫ్యాక్టరీలు తక్కువే. అసలు చిక్కంతా అక్కడే.

నొక్కడంలో రెండు దారులు

గాలిని నొక్కడం కొత్త విద్యేమీ కాదు. కమ్మరి కొలిమి తిత్తి చేసేది అదే. గాలి ఆక్రమించే చోటును సగానికి తగ్గిస్తే పీడనం రెట్టింపవుతుందని బ్రిటన్‌కు చెందిన రాబర్ట్ బాయిల్ 1662లో సూత్రీకరించారు. అయితే ఒక షరతు: గాలి వేడెక్కకూడదు. నిజానికి గాలిని నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టిన ప్రతివారికీ పంపు అడుగు చుర్రుమనడం తెలుసు. కంప్రెసర్ల చరిత్రంతా ఈ వేడితో ఇంజనీర్లు చేసిన పోరాటమే.

గాలిని నొక్కడానికి రెండు దారులున్నాయి. కొంత గాలిని ఒక గదిలో బంధించి, ఆ గదిని కుదించడం మొదటిది. గాలికి విపరీతమైన వేగాన్నిచ్చి, ఆ వేగాన్ని ఒక్కసారిగా తగ్గించి పీడనంగా మార్చడం రెండోది. పంక్చర్ షాపులోని పిస్టన్ కంప్రెసర్ మొదటి దారిలో నడుస్తుంది. పిస్టన్ వెనక్కి వస్తే గాలి లోపలికి, ముందుకెళితే బయటికి. చవక, సులువు. కానీ ముందుకూ వెనక్కూ కొట్టుకునే మర కాబట్టి అదురు ఎక్కువ. గాలి ధారగా కాక దఫదఫాలుగా వస్తుంది. కవాటాలు తరచూ అరిగిపోతాయి. రోజంతా ఆపకుండా నడపాలంటే దానికి ప్రాణాంతకమే.

అటూఇటూ కొట్టుకునే మర బదులు ఒకే దిశలో తిరిగే మర ఉంటే ఈ బాధలు చాలావరకు పోతాయి. ఆ ఆలోచనలోంచి వచ్చినవే రోటరీ కంప్రెసర్లు. వీటిలో చాలా రకాలున్నాయి. గుండ్రటి పెట్టెలో కాస్త పక్కకు జరిపి బిగించిన రోటరు, దాని గాళ్లలో జారే రేకులతో పనిచేసే వేన్ కంప్రెసర్ ఒకటి. రోటరు తిరిగేకొద్దీ రేకుల మధ్య ఖాళీ తగ్గుతూ గాలి నలుగుతుంది. ఇళ్లలోని స్ప్లిట్ ఏసీల ప్రకటనల్లో కనిపించే ‘రోటరీ కంప్రెసర్’ దీనికి దగ్గరి చుట్టం. కాకపోతే అది నొక్కేది గాలిని కాదు, శీతలీకరణ వాయువును. అమెరికాలోని ఇండియానాకు చెందిన రూట్స్ సోదరులు 1860లో పేటెంట్ పొందిన రెండు తమ్మెల బ్లోయరు మరొకటి. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో నీటిలోకి గాలి బుడగలు పంపే మరల్లో ఇప్పటికీ అది కనిపిస్తుంది. పీడనం తక్కువ, పరిమాణం ఎక్కువ కావలసిన చోట దాని పని.

మధ్యతరహా పరిశ్రమల్లో మాత్రం రాజ్యమేలుతున్నది స్క్రూ కంప్రెసరే.

రెండు మరల జుగల్‌బందీ

జర్మనీకి చెందిన హైన్రిష్ క్రిగార్ 1878లోనే స్క్రూ కంప్రెసర్‌కు పేటెంట్ తీసుకున్నారు. కానీ అంత వంకర ఆకారాలను అంత కచ్చితంగా కోసే యంత్రాలు అప్పట్లో లేవు. అర శతాబ్దం పాటు ఆ ఆలోచన కాగితం మీదే ఉండిపోయింది. స్వీడన్ ఇంజనీర్ ఆల్ఫ్ లిషోల్మ్ 1930లలో దానికి ప్రాణం పోశారు. ఆయన వెతికింది ఫ్యాక్టరీ కంప్రెసర్ కోసం కాదు. గ్యాస్ టర్బైన్‌కు గాలి అందించే మర ఆయనకు కావలసి వచ్చింది. అప్పటికున్న సెంట్రిఫ్యూగల్ రకానికి ఒక జబ్బు ఉండేది. గాలి ప్రవాహం తగ్గితే అది ఎదురు తిరిగేది. ఆ జబ్బు లేని మరను వెతుకుతూ ఆయన స్క్రూ దగ్గరికి చేరారు.

దాని లోపల పక్కపక్కనే రెండు రోటర్లుంటాయి. రెండింటి మీదా మెలితిరిగిన గాడులే. ఒకదానికి ఉబ్బెత్తు తమ్మెలు, రెండోదానికి వాటికి సరిపోయే లోతు గాడులు. సాధారణంగా మొదటిదానికి 4 తమ్మెలుంటే రెండోదానికి 6 గాడులుంటాయి. మొదటిది తిరుగుతూ రెండోదాన్ని తిప్పుతుంది. ఒక చివర నుంచి గాలి వచ్చి గాడిలో నిండుతుంది. రోటర్లు ఇంకాస్త తిరిగేసరికి ఆ గాడి నోరు మూసుకుపోతుంది. లోపలి గాలి బందీ అయినట్టే. ఇక తమ్మె గాడిలోకి దిగుతూ, పెరుగుతున్న తమ్మె ముందు గాలిని రెండో చివరకు తోసుకుపోతుంది. అటువైపు గోడ ఉంది కాబట్టి గాలికి పోయే దారి లేదు. దానికున్న చోటు అంతకంతకూ చిన్నదవుతుంది. సరిగ్గా కోరిన పీడనం వచ్చే చోట గోడకు రంధ్రం పెడతారు. గాలి అక్కడి నుంచి బయటపడుతుంది.

నిమిషానికి 3,000 చుట్లు తిరిగే నాలుగు తమ్మెల రోటరు సెకనుకు 200 సార్లు ఇలా గాలిని బయటికి నెడుతుంది. అన్ని దఫాలు కలిసిపోయి దాదాపు ధారలా వస్తుంది. కవాటాలు లేవు, ముందువెనకల కుదుపు లేదు. రాత్రింబవళ్లు నడిచినా అలసట ఎరగదు.

మరి వేడి సంగతి? 27 డిగ్రీల గాలిని ఒకే అంగలో 8 రెట్ల పీడనానికి నొక్కితే లెక్క ప్రకారం అది దాదాపు 270 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడికి రోటర్లు వ్యాకోచించి ఒకదానికొకటి పట్టేస్తాయి. ఎందుకంటే వాటి మధ్య ఖాళీ మనిషి వెంట్రుక మందాన్ని మించదు. 1950లలో దీనికి దొరికిన పరిష్కారం నూనె. గాలితో పాటే నూనెను కూడా రోటర్ల మీదికి చల్లితే మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. వేడిని నూనె లాగేసుకుంటుంది. సన్నటి సందులను పూడ్చి గాలి వెనక్కి జారకుండా ఆపుతుంది. లోహం లోహాన్ని ఒరుసుకోకుండా కాపాడుతుంది. దాంతో బయటికి వచ్చే గాలి వేడి 80, 90 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. స్క్రూ కంప్రెసర్ ప్రపంచమంతా పాకడానికి కారణం ఆ నూనే.

అయితే మేలు చేసిన నూనె ఒక పేచీ కూడా తెచ్చింది. బయటికి వచ్చిన గాలిలోంచి దాన్ని మళ్లీ విడదీయాలి. సెపరేటరు, ఫిల్టర్లు ఎంత వడగట్టినా లవలేశం మిగులుతుంది. టైరులోకి వెళ్లే గాలికి అది లెక్కలోకి రాదు. మాత్రను తాకే గాలికీ, రోగి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే గాలికీ వస్తుంది. అందుకే ఔషధ పరిశ్రమలు నూనె లేని స్క్రూలను ఎంచుకుంటాయి. అందులో రోటర్లు ఒకదాన్నొకటి తాకవు. బయటున్న గేర్లు వాటిని లయ తప్పకుండా తిప్పుతాయి. నొక్కడం రెండు అంచెల్లో, మధ్యలో చల్లబరచడంతో జరుగుతుంది. ధర ఎక్కువే. గాలి ఎంత శుభ్రంగా ఉందో చెప్పే ఐఎస్‌ఓ 8573-1 ప్రమాణం హైదరాబాద్ చుట్టూ ఉన్న మందుల కంపెనీల నాణ్యతా విభాగాలకు కొట్టిన పిండి.

వడిసెల సూత్రం

సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్‌ది పూర్తిగా వేరే దారి. అది గాలిని బంధించదు, విసురుతుంది. జొన్నచేలో పిట్టలను తోలే వడిసెల గుర్తుందా? రాయిని గిరగిరా తిప్పి వదిలితే అది దూసుకుపోతుంది. సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్‌లో వడిసెల బదులు వంపు తిరిగిన రెక్కలున్న చక్రం ఉంటుంది. దాని పేరు ఇంపెల్లర్. గాలి దాని నడిమధ్య నుంచి లోపలికి వస్తుంది. నిమిషానికి ఇరవై ముప్ఫై వేల చుట్లు తిరిగే రెక్కలు దాన్ని అంచులకు విసిరికొడతాయి. అంచు దగ్గర రెక్కల వేగం సెకనుకు 300 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. ధ్వని వేగానికి అది పెద్ద దూరం కాదు.

ఇంపెల్లర్ నుంచి దూసుకొచ్చిన గాలి డిఫ్యూజర్ అనే క్రమంగా వెడల్పయ్యే దారిలోకి వెళుతుంది. ఇరుకు కాలువలో ఉరకలెత్తిన నీరు చెరువులో చేరాక నెమ్మదించినట్టే అక్కడ గాలి వేగం పడిపోతుంది. పోయిన వేగం ఊరికే పోదు. పీడనంగా మారుతుంది. ఒక అంచెలో పీడనం సుమారు రెట్టింపైతే మూడు అంచెల్లో 8 రెట్లవుతుంది. అందుకే ఫ్యాక్టరీల్లో వాడేవాటికి ఎక్కువగా మూడు ఇంపెల్లర్లుంటాయి. ఒక్కో అంచె తర్వాత గాలిని నీటితో చల్లబరిచి తర్వాతి అంచెకు పంపుతారు. చల్లటి గాలిని నొక్కడానికి తక్కువ శక్తి చాలు. గాలి వెళ్లే దారిలో నూనె ఉండదు. అది బేరింగులకూ, గేర్లకూ మాత్రమే పరిమితం.

ఈ సూత్రం బస్సు ప్రయాణికులకు కూడా పరోక్షంగా పరిచయమే. డీజిల్ వాహనాల టర్బోచార్జర్‌లో ఉండేది బుల్లి సెంట్రిఫ్యూగల్ కంప్రెసరే. బ్రిటన్ ఇంజనీరు ఫ్రాంక్ విటిల్ 1937లో పరీక్షించిన జెట్ ఇంజనులో గాలిని నొక్కిందీ ఇదే.

పెద్ద పరిమాణంలో, ఎడతెగకుండా గాలి కావలసిన చోట దీన్ని మించింది లేదు. అందుకే ఉక్కు, ఎరువులు, రిఫైనరీలు, భారీ వాయు విభజన ప్లాంట్లు దీన్నే ఎంచుకుంటాయి. కానీ లిషోల్మ్‌ను భయపెట్టిన జబ్బు ఇందులో నేటికీ ఉంది. దాని పేరు సర్జ్. ఫ్యాక్టరీలో గాలి వాడకం ఒక్కసారిగా పడిపోతే ఇంపెల్లర్ గుండా వెళ్లే ప్రవాహం తగ్గుతుంది. ఒక హద్దు దాటితే ముందున్న పైపుల్లోని పీడనాన్ని ఎదిరించే శక్తి ఇంపెల్లర్‌కు చాలదు. నొక్కిన గాలి వెనక్కి తన్నుతుంది. పీడనం తగ్గగానే మళ్లీ ముందుకు వెళుతుంది. వెంటనే మళ్లీ వెనక్కి. సెకన్ల వ్యవధిలో సాగే ఈ గుంజులాటలో మర పిడుగులు పడ్డట్టు మోగుతుంది. బేరింగులు, సీళ్లు దెబ్బతింటాయి. దీన్ని ఆపడానికి ప్రవేశద్వారం దగ్గర రెక్కలను తిప్పి గాలిని నియంత్రిస్తారు. అదీ చాలకపోతే ఖర్చుపెట్టి నొక్కిన గాలిని వాల్వు తెరిచి ఆకాశంలోకి వదిలేస్తారు.

సారాంశం ఇదీ: రోజంతా ఒకే తీరున భారీగా గాలి కావాలంటే సెంట్రిఫ్యూగల్. అవసరం గంటగంటకూ మారుతుంటే స్క్రూ. వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చే డ్రైవ్ ఉన్న స్క్రూ అయితే ఇంకా మేలు. పెద్ద ఫ్యాక్టరీలు తెలివిగా రెండింటినీ కలిపి వాడతాయి. నిలకడగా ఉండే అవసరానికి సెంట్రిఫ్యూగల్, పైన హెచ్చుతగ్గులకు స్క్రూ.

ఊపిరి లెక్కలు

ఈ తేడా ఇంజనీరింగ్ పుస్తకం దాటి జనం ప్రాణాల మీదికి వచ్చింది 2021 వేసవిలో. కోవిడ్ తొలి ఉధృతిలో దేశంలో రోజుకు 3,095 టన్నుల దాకా వెళ్లిన వైద్య ఆక్సిజన్ గిరాకీ రెండో ఉధృతిలో దాదాపు 9,000 టన్నులకు ఎగబాకింది. ఆక్సిజన్‌కు కొరత లేదు. పీల్చే గాలిలో 21 శాతం అదే. కొరతంతా దాన్ని వేరుచేసే చోటుకూ, రోగి మంచానికీ మధ్య దూరంలోనే ఉంది.

దేశంలో ఆక్సిజన్‌లో సింహభాగాన్ని తయారుచేసేది భారీ వాయు విభజన ప్లాంట్లు. జర్మనీకి చెందిన కార్ల్ వాన్ లిండె 1902లో బాట వేసిన పద్ధతి అది. భారీ కంప్రెసర్ గాలిని లాగి సుమారు 6 రెట్ల పీడనానికి నొక్కుతుంది. తేమ, బొగ్గుపులుసు వాయువు తొలగించాక దాన్ని ద్రవమయ్యేదాకా చల్లబరుస్తారు. నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర మరుగుతాయి. ఆ 13 డిగ్రీల తేడాతోనే రెండూ విడిపోతాయి. ఈ ప్లాంటు కరెంటులో పెద్ద వాటా మింగేది మొదట్లో ఉన్న ఆ కంప్రెసరే. ద్రవ ఆక్సిజన్ లీటరు ఆవిరైతే దాదాపు 850 లీటర్ల వాయువు వస్తుంది. కాబట్టి ట్యాంకర్లలో మోయడం సులువు. కానీ ఇలాంటి ప్లాంట్లు ఎక్కువగా ఉక్కు కర్మాగారాల పక్కన, అంటే దేశానికి తూర్పు దిక్కున ఉన్నాయి. రోగులేమో ముంబై, ఢిల్లీల్లో ఉన్నారు.

అందుకే ముంబై సమీపంలోని కళంబోలి నుంచి ఏడు ఖాళీ ట్యాంకర్లతో 2021 ఏప్రిల్ 19న తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖకు పరుగెత్తింది. విశాఖ ఉక్కు కర్మాగారంలో ద్రవ ఆక్సిజన్ నింపుకుని 22న తిరుగుముఖం పట్టింది. 24 నాటికి నాగపూర్, నాసిక్‌లకు చేరింది. ఉక్కు కరిగించడానికి గాలిని నొక్కే మరలు ఆ వారం మహారాష్ట్రలో ఊపిరి నిలిపాయి. ఆంధ్రప్రదేశ్‌లోనే మరోచోట ఆ అదృష్టం లేకపోయింది. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రికి రావలసిన ట్యాంకరు ఆలస్యమైంది. పైపుల్లో ఆక్సిజన్ పీడనం పడిపోయింది. కొద్ది నిమిషాల వ్యవధే అయినా అధికారిక లెక్కల ప్రకారమే 11 మంది మరణించారు.

దూరం సమస్యకు దొరికిన జవాబు ఆస్పత్రి ఆవరణలోనే ఆక్సిజన్ తయారుచేయడం. ఆ ప్లాంట్ల పేరు పిఎస్‌ఎ. ఇక్కడ గాలిని గడ్డకట్టించే పనిలేదు. స్క్రూ కంప్రెసర్ గాలిని నొక్కుతుంది. డ్రయ్యరు తేమను, ఫిల్టర్లు నూనెను తొలగిస్తాయి. ఆ గాలి జియోలైట్ అనే ఖనిజ గుళికలు నింపిన స్తంభంలోకి వెళుతుంది. పీడనం ఉన్నంతసేపూ జియోలైట్ నైట్రోజన్‌ను పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ ముందుకు సాగిపోతుంది. స్తంభం నిండగానే గాలి పక్క స్తంభంలోకి మళ్లుతుంది. మొదటిదాంట్లో పీడనం వదిలేస్తే నైట్రోజన్ బయటికి పోయి గుళికలు మళ్లీ సిద్ధం. ఇలా రెండు స్తంభాలూ వంతులవారీగా పనిచేస్తాయి. గాలిలో ఒక శాతం దాకా ఉండే ఆర్గాన్‌ను జియోలైట్ ఆపలేదు. అందుకే పిఎస్‌ఎ ఆక్సిజన్ స్వచ్ఛత 93 శాతానికి మూడు శాతం అటూఇటూగా ఉంటుంది. వైద్యానికి అది సరిపోతుంది.

తేజస్ యుద్ధ విమానంలో పైలట్‌కు ఆక్సిజన్ అందించడానికి రూపొందించిన పరిజ్ఞానాన్ని డిఆర్‌డిఒ ఆస్పత్రులకు మలిచింది. నిమిషానికి 1,000 లీటర్ల ప్లాంటు ఒక్కొక్కరికి 5 లీటర్ల చొప్పున 190 మందికి ఆక్సిజన్ ఇవ్వగలదని ఆ సంస్థ ప్రకటించింది. పిఎం కేర్స్ నిధులతో దేశవ్యాప్తంగా 1,224 ప్లాంట్లు మంజూరయ్యాయి. 2021 అక్టోబర్ 7న రిషికేశ్‌లో ప్రధాని నరేంద్ర మోదీ మరో 35 ప్లాంట్లను జాతికి అంకితం చేసే నాటికి 1,100కు పైగా సిద్ధమయ్యాయి. వాటి మొత్తం సామర్థ్యం రోజుకు 1,750 టన్నులని కేంద్రం తెలిపింది. ఆర్నెల్లలో జరిగిన పనికి ఇది చిన్న అంకె కాదు.

పెట్టడం వేరు, నడపడం వేరు

అయితే కంప్రెసర్‌ను ప్రారంభోత్సవం రోజున చూస్తే చాలదు. పిఎస్‌ఎ ప్లాంటు ఇచ్చే ఆక్సిజన్‌కు పది పన్నెండు రెట్ల గాలిని దాని కంప్రెసర్ లాగాలి. నిమిషానికి 1,000 లీటర్ల ప్లాంటుకు అది సుమారు 400 ఘనపుటడుగుల గాలి, 70 కిలోవాట్లకు పైగా కరెంటు. రోజంతా నడిస్తే దాదాపు 1,700 యూనిట్లు. యూనిట్ రూ. 8 చొప్పున వేసుకున్నా రోజుకు రూ. 13 వేలు దాటుతుంది. ఉధృతి తగ్గి, ట్యాంకర్లు మామూలుగా రావడం మొదలయ్యాక చాలా ఆస్పత్రులకు ఈ లెక్క బరువైంది.

ఆపేస్తే పోలేదా అంటే అదీ కుదరదు. వారాల తరబడి ఆగిన స్క్రూ కంప్రెసర్‌లో తేమ పేరుకుంటుంది. నూనె పాడవుతుంది. డ్రయ్యరు సరిగా లేకుండా మళ్లీ నడిపిస్తే ఆ తేమ జియోలైట్‌లోకి వెళుతుంది. నైట్రోజన్ కన్నా నీరంటేనే జియోలైట్‌కు మక్కువ ఎక్కువ. తడిసిన గుళికలు నైట్రోజన్‌ను పట్టవు. నూనె తగిలితే ఇక కోలుకోవు. ప్లాంటు నడుస్తూనే ఉంటుంది, బయటికి వచ్చే ఆక్సిజన్ స్వచ్ఛత మాత్రం పడిపోతుంది. కొన్ని వేల రూపాయల ఫిల్టరును వేళకు మార్చని పాపానికి మొత్తం ప్లాంటే దండగవుతుంది.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియనిదేమీ కాదు. 8,000 మందికి నిర్వహణలో శిక్షణ ఇవ్వాలన్న లక్ష్యం 2021 జులైలోనే పెట్టుకుంది. 2022 డిసెంబర్‌లో చైనాలో కోవిడ్ మళ్లీ విజృంభించినపుడు ఆక్సిజన్ ప్లాంట్లు పనిచేసేలా చూసుకోవాలని రాష్ట్రాలకు సూచించింది. ఆ నెల 27న దేశమంతటా ఆస్పత్రుల్లో మాక్ డ్రిల్ జరిగింది. మాక్ డ్రిల్ ఒక రోజు పని. గాలి వడపోత, నూనె మార్పు, తేమ వడకట్టు ఏడాది పొడుగునా జరగాల్సిన పని. దానికి బడ్జెట్‌లో ఒక పద్దు, షెడ్డులో ఒక మనిషి కావాలి.

కారిపోతున్న డబ్బు

ఫ్యాక్టరీల్లో కథ వేరు, నీతి ఒకటే. కంప్రెసర్‌కు ఇచ్చిన శక్తిలో పని జరిగే చోటుకు చేరేది 10 నుంచి 30 శాతమేనని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ మార్గదర్శక పుస్తకాలు చెబుతాయి. మిగతాది వేడిగా, లీకులుగా, ఒత్తిడి నష్టంగా పోతుంది. కరెంటు తీగ తెగితే షాకు కొడుతుంది. నీటి గొట్టం పగిలితే నేల తడుస్తుంది. గాలి కారితే బుస్సుమంటుంది, అంతే. ఆ చప్పుడు యంత్రాల రొదలో కలిసిపోతుంది.

ఎంత పోతుందో లెక్క కడితే గుండె గుభేలుమంటుంది. వాతావరణం కన్నా 7 రెట్లు ఎక్కువ పీడనమున్న పైపుకు మూడు మిల్లీమీటర్ల చిల్లు పడిందనుకుందాం. నిమిషానికి సుమారు 20 ఘనపుటడుగుల గాలి కారుతుంది. దాన్ని తయారుచేయడానికి దాదాపు మూడున్నర కిలోవాట్లు. ఏడాదిలో 8,000 గంటలు నడిచే ఫ్యాక్టరీలో అది 28,000 యూనిట్లు. యూనిట్ రూ. 8 అయితే రూ. 2.24 లక్షలు. ఒక చిన్న చిల్లు, ఒక కార్మికుడి ఏడాది జీతం. రాత్రి షిఫ్టు లేనప్పుడు అన్ని యంత్రాలూ ఆపి కంప్రెసర్ ఒక్కదాన్నే నడిపితే లీకెంతో ఇట్టే తెలుస్తుంది. వాడేవాడెవడూ లేనప్పుడు కూడా అది గాలి నింపుతూ ఉంటే, ఆ గాలంతా చిల్లులకే పోతున్నట్టు.

ఎండ కూడా బిల్లు పెంచుతుంది. కంప్రెసర్ పీల్చే గాలి వేడి 4 డిగ్రీలు పెరిగితే కరెంటు ఖర్చు సుమారు ఒక శాతం పెరుగుతుందని బ్యూరో లెక్క. మే నెలలో రామగుండంలో మూసిన రేకుల షెడ్డులో తన వేడిని తానే పీల్చుకునే కంప్రెసర్‌కు వెలుపలి నీడ నుంచి ఒక గొట్టం పెడితే ఆ నష్టం తగ్గుతుంది. పీడనాన్ని అవసరానికి మించి పెట్టడం ఇంకో దుబారా. ఒక బార్ తగ్గిస్తే 6 నుంచి 10 శాతం కరెంటు ఆదా. చాలాచోట్ల లీకుల వల్ల చివరి యంత్రానికి గాలి అందక, లీకు మూయడానికి బదులు పీడనం పెంచుతారు. పీడనం పెరిగితే లీకూ పెరుగుతుంది.

కోస్తాలో నీరు మరో తలనొప్పి. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున నిమిషానికి 100 ఘనపుటడుగుల చిన్న స్క్రూ కంప్రెసర్ 24 గంటలు నడిస్తే దానిలోంచి దాదాపు 70 లీటర్ల నీరు వస్తుంది. గాలిని నొక్కితే అది తేమను మోయలేదు మరి. ఆ నీటిని వేళకు వదలకపోతే ట్యాంకు తుప్పు పడుతుంది. పీడనంతో నిండిన ట్యాంకు తుప్పు పట్టడం అంటే షెడ్డులో బాంబు పెట్టుకున్నట్టే.

తయారీలో మాత్రం దేశం వెనకబడి లేదు. 1960లో మొదలైన కోయంబత్తూరు కంపెనీ ఎల్జీ ఎక్విప్‌మెంట్స్ స్క్రూ రోటర్లను స్వయంగా కోసి విదేశాలకు అమ్ముతోంది. 1958 నాటి పుణె సంస్థ కిర్లోస్కర్ న్యూమాటిక్ కూడా రంగంలో ఉంది. హైదరాబాద్ శివార్లలోని రామచంద్రాపురం బిహెచ్‌ఇఎల్ రిఫైనరీలకూ, ఎరువుల ఫ్యాక్టరీలకూ భారీ సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్లను తయారుచేస్తుంది. మరలను తయారుచేసే తెలివితేటలకు కొదవ లేదు. కొన్నాక వాటి ఆలనాపాలనకే ఓపిక కరువు. కంప్రెసర్ జీవితకాలపు ఖర్చులో అత్యధిక భాగం కరెంటుదే. కొనేటప్పుడు మాత్రం టెండరులో చూసేది తొలి ధరనే.

ఇక్కడ బోరు లారీ యజమాని దగ్గర నేర్చుకోవలసింది ఉంది. అడుగుకింత అని వసూలు చేసే అతనికి గాలి బలం తగ్గితే అడుగు దిగదు, అడుగు దిగకపోతే డబ్బు రాదు. అందుకే లారీ ఊళ్లోకి రాగానే ముందు నూనె చూసుకుంటాడు, ఫిల్టరు దులుపుతాడు, గొట్టాల క్లిప్పులు బిగిస్తాడు. ఆ తర్వాతే కొబ్బరికాయ కొట్టి బిట్ దించుతాడు. ఆస్పత్రి వెనక షెడ్డులో మరకు కూడా అంతే శ్రద్ధ కావాలి. అక్కడ గాలి బలం తగ్గితే ఆగేది అడుగు లెక్క కాదు.